విమాన మరమ్మతు విద్య – బోధకుని అర్హత

గత విద్యా సంవత్సరంలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన వారంలోనే ఒక విమాన మరమ్మతు శిక్షణ సంస్థ తరఫున ఇద్దరు ప్రతినిధులు మన కళాశాలకు వచ్చినారు. తమ కోర్సును గూర్చి మన విద్యార్థులకు ఒక పూట ఉపన్యాసం ఇచ్చుకొనుటకు అనుమతి కావలెనని పాలకవర్గమును కోరినారు. వారు తెచ్చిన రంగుల కరపత్రములు మన గ్రంథాలయపు బల్లమీద పదిహేను దినములు పడి ఉన్నవి. వాటిని చదివి అభిప్రాయం చెప్పవలసిందిగా పాలకవర్గమువారు భౌతికశాస్త్ర, ఆంగ్ల శాఖలలో పనిచేసే మాకు అప్పగించినారు. ఈ వ్యాసం ఆ పరిశీలనలో నుండి పుట్టినదే.

కరపత్రంలో భవనం బొమ్మ ఉన్నది. వసతిగృహం, దుస్తులు, బస్సు సౌకర్యం ఉన్నవి. రెక్కలు చాచిన విమానం ముందు నిలబడిన విద్యార్థుల చిత్రమున్నది. ఫీజు వాయిదాల పట్టిక ఉన్నది. చదువు ఎవరు చెబుతారన్న సంగతి మాత్రం ఎక్కడను లేదు. మేము దానిని మొదట గమనించలేదనియే ఒప్పుకొనవలెను. ఆ లోపమును పట్టుకొన్నవాడు మా విద్యార్థి తండ్రి ఒకరు. ఆయన పట్టణంలో మోటారు షెడ్డు నడుపుతున్నారు. ముప్పది ఏండ్లుగా లారీ ఇంజన్లు విప్పి కట్టుచున్న మనిషి. కుమారుని ప్రవర్తనా పత్రం కొరకు వచ్చి, కరపత్రం తిరగవేసి చూచి, "సార్, మా వాడికి పానా పట్టడం నేనే నేర్పినాను. అక్కడ నేర్పేవారు నాకంటె తెలిసినవారేనా? అది ఇందులో రాయలేదే" అన్నారు. మేము సమాధానం చెప్పలేకపోతిమి. కొంతకాలం చదివిన తరువాత ఇప్పుడు చెప్పగలమనుకొంటున్నాము.

మన షెడ్లలో నేర్పేవాడిని ఉస్తాద్ అంటారు, నేర్చుకొనేవాడిని షాగిర్దు అంటారు. ఈ రెండు మాటలు ఉర్దూ నుండి తెలుగు నాలుకపైకి వచ్చి స్థిరపడినవి. ఉస్తాద్ చెప్పేది తక్కువ, చూపించేది ఎక్కువ. చప్పుడు విని ఏ వాల్వు వదులైనదో చెబుతాడు. బోల్టును వేళ్ళతో తిప్పి చూచి కొలత చెబుతాడు. ఈ విద్యను మేము తక్కువ చేయడం లేదు. విమానమే ఇట్లాంటి విద్యలో నుండి పుట్టినది. రైట్ సోదరుల 1903 నాటి విమానానికి ఇంజను చేసిన చార్లెస్ టేలర్ వారి సైకిలు దుకాణంలో పనివాడు. ఒక లేతు, ఒక డ్రిల్లింగు యంత్రం దగ్గర పెట్టుకొని సుమారు ఆరు వారాలలో ఆ ఇంజను తయారుచేసినాడు. అతనికి లైసెన్సు లేదు. ఆనాడు అట్టి లైసెన్సు అనేదే లోకంలో లేదు.

అయినను ఉస్తాద్ విద్యకు విమానశాలలో ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు ఎక్కడున్నదో చెప్పుటకు 1990 జూన్ 10 నాటి సంఘటనను మించిన ఉదాహరణ మాకు దొరకలేదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి స్పెయినులోని మాలగాకు 81 మంది ప్రయాణికులతో, ఆరుగురు సిబ్బందితో ఒక జెట్ విమానం బయలుదేరినది. అది సుమారు 17,300 అడుగుల ఎత్తుకు చేరినప్పుడు కెప్టెన్ ముందున్న గాజు పలక ఊడి ఎగిరిపోయినది. లోపలి గాలి ఒత్తిడి బయటికంటె ఎక్కువ కాబట్టి ఆ గాలి ఒక్క ఉదుటున బయటకు పోతూ కెప్టెన్‌ను కూడ నడుము వరకు కిటికీలో నుండి బయటకు లాగినది. సిబ్బంది ఆయన కాళ్ళు పట్టుకొని నిలిచినారు. సహ విమానచోదకుడు విమానమును సౌతాంప్టన్‌లో దించినాడు. అందరును బతికినారు, కెప్టెన్ కూడ బతికినాడు.

కారణం విచారించిన బ్రిటిష్ ప్రమాద దర్యాప్తు శాఖ 1992లో నివేదిక ప్రచురించినది. విమానం బయలుదేరుటకు ముందటి రాత్రులలో ఆ గాజు పలకను మార్చినారు. దానిని బిగించుటకు 90 బోల్టులు కావలెను. మార్చిన వ్యక్తి కొత్తవాడు కాడు. ఆ షిఫ్టుకు అధికారి, అనుభవజ్ఞుడు, పనిమీద శ్రద్ధగల మనిషి. పాత బోల్టు ఒకటి చేతిలో పట్టుకొని సామగ్రి అరల దగ్గరకు వెళ్ళి, కంటితో సరిపోల్చి కొత్తవి ఎంచుకొన్నాడు. భాగాల పట్టిక తెరిచి నంబరు చూచి ఉంటే సరియైన బోల్టు ఏదో తెలిసేది. అతడు వాడిన వాటిలో 84 బోల్టుల మందం కావలసినదానికంటె అంగుళంలో వేయింట 26 వంతులు తక్కువ. అంటే మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. మిగిలిన ఆరింటి మందం సరిపోయినది కాని పొడవు అంగుళంలో పదో వంతు తక్కువ. అంతకు నాలుగేండ్ల ముందు బిగించిన పాత బోల్టులు కూడ పట్టిక ప్రకారం సరియైనవి కావు. అవి పొట్టివి. అయినను నాలుగేండ్లు నిలిచినవి. తప్పు బోల్టును నమూనాగా పెట్టుకొని మరింత తప్పు బోల్టును కన్ను ఎంచుకొన్నది.

ఈ కథలో భౌతికశాస్త్రం కూడ ఉన్నది. ఆ గాజు పలకను బయటివైపు నుండి అమర్చుతారు. లోపలినుండి అమర్చే పలక అయితే గాలి ఒత్తిడియే దానిని చట్రానికి అదిమి పట్టి ఉంచేది. ఇక్కడ ఒత్తిడి మొత్తం బోల్టుల మీదనే పడినది. ఒత్తిడి ఏ దిక్కుకు తోస్తున్నదో విద్యార్థి చేత గీయించి చూపిన బోధకుడు ఉంటే, ఆ బోల్టులు ఎందుకంత ముఖ్యమో ఆ విద్యార్థి జన్మలో మరువడు. మరొక సంగతి. ఆ పనిని మరొకరు తనిఖీ చేసి తీరవలెనన్న నియమం ఆనాడు ఆ గాజు పలకకు వర్తించలేదు. తప్పు చేసిన కన్నుకు తోడుగా రెండవ కన్ను లేదు.

షెడ్డు నడిపే ఆ తండ్రికి మేము చెప్పదలచిన మొదటి మాట ఇది. మోటారు ఆగిపోతే రోడ్డు పక్కన నిలుస్తుంది. అక్కడ చేతి అంచనా చాలును. గాలిలో ఎగిరేదానికి అంచనా చాలదు. అంచనా వేయగల నేర్పు ఉండి కూడ అంచనా వేయకుండ పుస్తకం తెరవడమే అక్కడి విద్య. తన అనుభవమును తానే అనుమానించే అలవాటును నేర్పడం అనుభవమును నేర్పడంకంటె కష్టం. దానిని నేర్పగలవాడెవడన్నదే బోధకుని అర్హతను గూర్చిన ప్రశ్న.

ఇక నియమాల సంగతి. 1944లో చికాగోలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం మీద పౌర విమానయానం నడుచుచున్నది. దాని మొదటి అనుబంధంలో విమాన మరమ్మతు లైసెన్సుకు కనీస అర్హతలు చెప్పబడినవి. వయస్సు 18 సంవత్సరాలు నిండవలెను. మొత్తం విమానమునకు సంబంధించిన లైసెన్సు కావలెనంటే నాలుగేండ్ల పనియనుభవం ఉండవలెను. ఆమోదం పొందిన శిక్షణ కోర్సు పూర్తిచేసినవారికి మాత్రం రెండేండ్ల అనుభవం చాలును. విద్యార్థులు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెను. నాలుగు రెండైనది. మిగిలిన రెండేండ్లు ఎక్కడికి పోయినవి? అవి పాఠశాలలోకి వచ్చినవి. విమానశాలలో చేతులు నల్లబరచుకొని గడపవలసిన రెండేండ్లకు బదులుగా ప్రభుత్వములు పాఠశాలను అంగీకరిస్తున్నవన్నమాట. కనుక ఆ పాఠశాలలో నిలబడి చెప్పేవాడు ఆ రెండేండ్ల అనుభవానికి ప్రతినిధి. అతడు లేని పాఠశాల ఆ రెండేండ్లను అప్పనంగా కాజేసినట్లే.

అమెరికా నియమములలో 147వ భాగం విమాన మరమ్మతు పాఠశాలలకు సంబంధించినది. అందులోని బోధకుల నిబంధన చాలాకాలం ఒకే రూపంలో ఉన్నది, అది మాకు ఎంతో ముచ్చటగా తోచినది. తగిన మెకానిక్ లైసెన్సు, తగిన విభాగపు అర్హత గల బోధకులను పాఠశాల సమకూర్చవలెను. వర్క్‌షాపు తరగతిలో ప్రతి 25 మంది విద్యార్థులకు అట్టి బోధకుడు కనీసం ఒకడుండవలెను. అయితే గణితం, భౌతికశాస్త్రం, ప్రాథమిక విద్యుత్తు, ప్రాథమిక హైడ్రాలిక్సు, డ్రాయింగు వంటి విషయములను మెకానిక్ లైసెన్సు లేని ప్రత్యేక బోధకులు చెప్పవచ్చును. వారి పేర్లు, అర్హతలు గల జాబితాను పాఠశాల ఉంచుకొని ప్రభుత్వం అడిగినప్పుడు చూపవలెను. అంతే. నాలుగైదు వాక్యములలో ముగిసినది.

ఇది చదివిన దినమున మా శాఖలో కొంత ఉత్సాహం కలిగినదని దాచనక్కర లేదు. ఆ లెక్కన మేమును విమాన పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పవచ్చునన్నమాట! కాని హాస్యం పక్కకు పెడితే ఈ నియమం వెనుక ఒక వివేకం కనిపిస్తున్నది. ఒక ఉదాహరణ చెబుతాము. బోల్టును ఎంత బలంతో బిగించవలెనో పుస్తకంలో అంకె ఉంటుంది. మర పొడిగా ఉన్నప్పుడు ఆ అంకె ఒక అర్థం ఇస్తుంది, మరమీద నూనె పడినప్పుడు అదే అంకె మరొక అర్థం ఇస్తుంది. నూనెవల్ల రాపిడి తగ్గుతుంది. పానామీద పెట్టిన బలంలో రాపిడికి పోయే వాటా తగ్గి బోల్టును సాగదీసే వాటా పెరుగుతుంది. కొలత సరిగానే ఉన్నట్లు కనిపిస్తూ బోల్టు మాత్రం హద్దు దాటి సాగుతుంది. ఇది ఎందుకు జరుగుతుందో భౌతికశాస్త్ర అధ్యాపకుడు చక్కగా చెప్పగలడు. ఇంజనులో ఏ చోట మరకు నూనె రాయవలెనని పుస్తకం అడుగుతుందో, ఏ చోట రాయకూడదంటుందో, రాత్రి రెండు గంటలకు నిద్రమత్తులో ఉన్న పనివాడు దానిని ఎట్లా మరిచిపోతాడో అతనికి తెలియదు. అది లైసెన్సు గలవాడికే తెలుసును. ఒకరు లేనిదే మరొకరి పాఠం కుంటుతుంది.

2020లో అమెరికా శాసనసభ చేసిన చట్టం ననుసరించి 2022 సెప్టెంబరు 21 నుండి ఆ 147వ భాగం పూర్తిగా మారినది. మునుపు సాధారణ విభాగమునకు 400 గంటలు, విమాన దేహమునకు 750, ఇంజనుకు 750, మొత్తం 1,900 గంటలు అని ఉండిన లెక్క తొలగిపోయినది. గంటల బదులు విద్యార్థికి ఏమి వచ్చినదన్నది ముఖ్యమైనది. బోధకుల నిబంధనలో లైసెన్సు మాట అట్లాగే ఉన్నది, వర్క్‌షాపులో 25 మందికి ఒకడు అన్న లెక్కయు అట్లాగే ఉన్నది. లైసెన్సు లేనివారైతే తాము చెప్పే విషయంలో ప్రత్యేక అర్హత కలిగి ఉండవలెనన్నారు. కొత్తగా చేరినది ఒకటి. మంచి విద్యాఫలితములు వచ్చేటట్లు బోధించే బోధకులను పాఠశాల సమకూర్చవలెనన్న మాట అది. పని తెలిసినవాడు బోధన కూడ తెలిసినవాడే అనుకొనే పాత ఊహ ఇక్కడ కొంచెం కదిలినది. అయితే బోధన తెలుసునని ఎవరు ఎట్లా తేల్చవలెనో నియమం విడమరచి చెప్పలేదు. గంటల లెక్క తీసివేయడం మంచిదేనా అని మాలో మాకు భేదాభిప్రాయం ఉన్నది. మంచి పాఠశాలకు అది స్వేచ్ఛ. బద్ధకపు పాఠశాలకు అది సెలవు.

మన దేశమునకు వచ్చెదము. ఇక్కడ పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ కార్యాలయం, అంటే డి.జి.సి.ఏ., లైసెన్సులు ఇస్తుంది, శిక్షణ సంస్థలను ఆమోదిస్తుంది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమం 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. మరమ్మతు ఇంజనీరు లైసెన్సుకు సి.ఏ.ఆర్.-66, శిక్షణ సంస్థలకు సి.ఏ.ఆర్.-147 అనే నిబంధనావళులు ఉన్నవి. ఇవి ఐరోపా నమూనా ననుసరించి కూర్చినవి. లైసెన్సులో తరగతులున్నవి. ఎ తరగతివారు చిన్న పనులు చేసి సంతకం పెట్టవచ్చును. బి1 వారు విమాన దేహం, ఇంజను విషయం చూస్తారు. బి2 వారు ఎలక్ట్రానిక్ పరికరములు చూస్తారు. పెద్ద మరమ్మతు పూర్తియైన విమానమును తిరిగి పనిలోకి విడుదల చేసే సంతకం సి తరగతివారిది.

ఐరోపా నమూనాలో బోధకుని అర్హత ఒక అంకెతో చెప్పబడలేదు. బోధకులకు, పరీక్షకులకు, చేతిపనిని అంచనా వేసేవారికి ఏ చదువు, ఎంత అనుభవం కావలెనో అధికార సంస్థ ప్రమాణముల ప్రకారం నిర్ణయించి, శిక్షణ సంస్థ తన వివరణ గ్రంథంలో వ్రాసుకొనవలెను. ప్రతి బోధకుని పేరు, అతడు చెప్పగల విషయములు అందులో ఉంటవి. ఆ గ్రంథమును చూచియే ఆమోదం ఇస్తారు. కాబట్టి ఒక సంస్థ బోధకులను గూర్చి తెలుసుకొనవలెనంటే కరపత్రం అక్కరకు రాదు, ఆ గ్రంథమే కావలెను. ప్రతి 24 నెలలకు ఒకసారి బోధకులును పరీక్షకులును తిరిగి శిక్షణ పొందవలెను. అది మామూలుగా 35 గంటలు. కొత్త సాంకేతిక విషయములు, చేతిపని, మానవ తప్పిదముల శాస్త్రం, బోధనా పద్ధతులు అందులో ఉండవలెను. కళాశాల అధ్యాపకులమైన మాకు ఇట్టి నిర్బంధం ఉంటే ఎట్లుండునో అని ఒక పెద్ద సహాధ్యాపకుడు నవ్వినారు. మేము నవ్వలేదు.

సిద్ధాంత తరగతిలో విద్యార్థులు 28 మందికి మించరాదు. టర్బైన్ ఇంజను గల విమానముల బి1 కోర్సు 2,400 గంటలు. అందులో సిద్ధాంతం 50 నుండి 60 శాతం. మిగిలిన 960 నుండి 1,200 గంటలు చేతులతో పని. ఉత్తీర్ణతకు 75 శాతం మార్కులు కావలెను. మన పరీక్షలలో 35 మార్కులకు అలవాటు పడిన విద్యార్థి ఈ అంకెను ముందే మనసులో పెట్టుకొనవలెను. ప్రతి విషయమునకు మూడు స్థాయిలున్నవి. మొదటిది పరిచయం మాత్రమే. రెండవది సాధారణ జ్ఞానం, దానిని వాడగల శక్తి. మూడవది లోతైన జ్ఞానం, విడి విషయములను కలిపి తర్కించి లోపమును పట్టగల శక్తి. బి1 విద్యార్థికి కొన్ని విషయములలో కావలసినది మూడవ స్థాయి. ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. మొదటి స్థాయి పాఠమును పుస్తకం చదివి చెప్పవచ్చును. మూడవ స్థాయి పాఠమును పుస్తకం చదివి చెప్పలేరు. లోపమును ఎన్నడును వెదకనివాడు లోపము వెదకడం ఎట్లా చెప్పగలడు?

పరీక్షల విషయంలో ఆ నమూనా కఠినంగా ఉన్నది. పరీక్షలో జవాబులు అందించిన పరీక్షకుడు ఆ పదవికి అనర్హుడగును, ఆ పరీక్ష రద్దగును, సంగతి నెల దినములలో అధికార సంస్థకు తెలుపవలెను. మోసం చేసిన విద్యార్థి పన్నెండు నెలలు ఏ పరీక్షకును కూర్చోరాదు. అయితే ఒకే వ్యక్తి బోధకుడుగా, పరీక్షకుడుగా, చేతిపని అంచనా వేసేవాడుగా కూడ ఉండవచ్చునన్నారు. ఇది మాకు నచ్చలేదు. చిన్న సంస్థలకు మనుషులు చాలరన్నది నిజమే కావచ్చును. కాని తాను చెప్పిన పాఠమునకు తానే మార్కులు వేసుకొనేవాడు తన బోధనలోని లోపమును ఎన్నడు చూడగలడు? బర్మింగ్‌హామ్‌లో లేని రెండవ కన్ను ఇక్కడ కూడ లేకుండ పోతున్నది.

మన కళాశాల విద్యార్థులకు దీనిలో మరొక చిక్కున్నది. మన పిల్లలు సగంమంది ఇంటిలో ఉర్దూ, సగంమంది తెలుగు మాట్లాడేవారు. పదవ తరగతి వరకు ఆ భాషలలోనే చదివినవారు పలువురు. విమాన మరమ్మతు పుస్తకములు ఆంగ్లంలో ఉంటవి, డి.జి.సి.ఏ. పరీక్ష ఆంగ్లంలో ఉంటుంది. ఇది మార్చగలిగినది కాదు, మార్చవలసినదియు కాదు. మాతృభాషలో ఉన్నత శాస్త్రం చెప్పవచ్చునని హైదరాబాదు ఒకనాడు లోకానికి చూపినది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనాభాషగా ఉండేది. అందుకొరకు ప్రత్యేకంగా అనువాద శాఖ నెలకొల్పి శాస్త్ర పదములు కూర్చినారు. ఆ సంప్రదాయమును మేము గౌరవిస్తాము. కాని ప్రతి భాగమునకు ఒకే పేరు, ఒకే నంబరు ఉండవలసిన చోట పుస్తకమును అనువదించుకొని పనిచేయడం ప్రమాదకరం. మాకు తోచిన మధ్యమార్గమిది. కారణమును తెలుగులోనో ఉర్దూలోనో చెప్పవలెను, ఆదేశమును మాత్రం పుస్తకంలో ఉన్న ఆంగ్ల వాక్యంతోనే చదివించవలెను. నూనె రాసిన మర సంగతి విద్యార్థికి ఇంటి భాషలో అర్థమైతే, ఆ ఆంగ్ల వాక్యమును అతడు గుడ్డిగా కాక తెలిసి పాటిస్తాడు. ఇట్లు రెండు భాషల మధ్య నిలబడగల బోధకుడు మన ప్రాంతపు పిల్లలకు లైసెన్సు అంత ముఖ్యం. ఏ నిబంధనావళిలోను ఈ అర్హత లేదు.

పాత విద్యార్థి ఒకని అనుభవం కూడ ఇక్కడ చెప్పవలసి ఉన్నది. అతని పేరును, ఆ సంస్థ పేరును చెప్పము. తండ్రి రెండెకరాల భూమి అమ్మి ఫీజు కట్టినాడు. సంస్థ ఆమోదం పొందినదే. వివరణ గ్రంథంలో లైసెన్సు గల బోధకుల పేర్లు సరిగానే ఉన్నవట. కాని అందులో ఇద్దరు తనిఖీ జరిగే దినములలో మాత్రమే కనిపించేవారట. మిగిలిన దినములలో అంతకు ముందు సంవత్సరం కోర్సు పూర్తిచేసి ఉద్యోగం దొరకని విద్యార్థులే పాఠం చెప్పేవారట. వర్క్‌షాపులో ఒక పాత ఇంజను ఉండేది. దానిని విప్పి చూపడం ఉండేది కాని తిరిగి కట్టడం ఉండేది కాదు, కొన్ని భాగములు పోయినవి కనుక. ఒకదినం ఇతడు ఒక ప్రశ్న అడిగితే, "అది పరీక్షకు రాదు" అని జవాబు వచ్చినదట. ఇతడు మొదటిసారి పరీక్షలలో ఎక్కువ విషయములలో తప్పినాడు. తరువాత మూడేండ్లు ఇంటివద్ద ఉండి ఒక్కొక్క విషయమే చదివి గట్టెక్కినాడు. మా గ్రంథాలయంలో అతడు కూర్చున్న మూల మాకు జ్ఞాపకం ఉన్నది. తరువాత శంషాబాదులో మరమ్మతు పనిలో చేరినాడు. అతడు నెగ్గినాడు కనుక కథ చెప్పుకొనుటకు బాగున్నది. అతనితో చేరినవారిలో అట్లు నెగ్గనివారిని గూర్చి అడిగితే అతడు తల వంచుకొన్నాడు.

సంస్థలను మాత్రమే నిందించి లాభం లేదు. లైసెన్సు గల ఇంజనీరుకు విమాన సంస్థలో వచ్చే జీతం పాఠశాలలో రాదు. కాబట్టి పాఠశాలకు వచ్చేవారు ఎక్కువగా పదవీ విరమణ చేసినవారు, లేక ఉద్యోగం దొరకనివారు. మొదటివారిలో మహా పండితులుంటారు. నలుబది ఏండ్లు ఇంజన్ల మధ్య గడిపి, ఆ జ్ఞానమును ఎవరికైన అప్పగించి పోవలెనని ఆరాటపడే మనుషులు వారు. అట్టివాడొక్కడు దొరికిన పాఠశాల అదృష్టం చేసుకొన్నదే. అయితే వారు చూచిన విమానములు ఒక తరం వెనుకటివి కావచ్చును. 24 నెలలకొకసారి తిరిగి చదువవలెనన్న నియమం వారికొరకే పుట్టినదేమో.

పాలకవర్గమువారికి మేము వ్రాసి ఇచ్చినదాని సారాంశం ఇంతే. ఉపన్యాసానికి అనుమతి ఇవ్వవచ్చును. అయితే ముందుగా ఆ సంస్థవారు తమ డి.జి.సి.ఏ. ఆమోద పత్రం నకలును, అది ఏ తరగతికి, ఏ తేదీ వరకు చెల్లునో తెలిపే పుటను, బోధకుల జాబితాను మన కార్యాలయంలో ఇవ్వవలెను. జాబితాలోనివారిలో ఎవరు వారంలో ఎన్ని గంటలు చెబుతారో కాలపట్టిక కూడ కావలెను. జాబితాకును కాలపట్టికకును మధ్య ఉన్న దూరమే సంస్థ యొక్క నిజాయితీ. కోర్సు పూర్తియైనంత మాత్రాన లైసెన్సు రాదనియు, ఆపైన పనియనుభవం కావలెననియు ఉపన్యాసంలో స్పష్టంగా చెప్పవలెను. వచ్చిన సంస్థవారు ఈ కాగితములు పంపుతామని చెప్పి వెళ్ళినారు. నాలుగు నెలలైనది. ఇంకను రాలేదు.

మోటారు షెడ్డు తండ్రి మాత్రం అంతవరకు ఆగలేదు. తన షెడ్డు ఒక దినం మూసివేసి, కుమారుని వెంటబెట్టుకొని మరొక ఊరిలోని వేరొక సంస్థకు వెళ్ళినారు. తిరిగి వచ్చి మాకు చెప్పిన సంగతి ఇది. ఆయన జేబులో రెండు బోల్టులు వేసుకొని వెళ్ళినారట. చూచుటకు రెండును ఒకటే. వర్క్‌షాపులో ఉన్న ముసలి బోధకుని చేతిలో పెట్టి, ఈ రెండింటికి తేడా ఏమిటని అడిగినారట. ఆ బోధకుడు కళ్ళద్దాలు పెట్టుకొని వాటి తలమీది గుర్తులు చదివినాడట. తరువాత సొరుగులో నుండి మైక్రోమీటరు తీసి రెండింటిని కొలిచి, ఆ కొలతలను ఒక కాగితంమీద వ్రాసి, "ఇవి మోటారు బోల్టులు, వీటి పట్టిక నా దగ్గర లేదు. పట్టిక లేనిదే ఇంతకుమించి చెప్పను" అన్నాడట. ఆపైన తండ్రిని వదిలి కుమారుని వైపు తిరిగి, మైక్రోమీటరు చేతికిచ్చి, మళ్ళీ కొలువుమన్నాడట.

అబ్బాయి అక్కడనే చేరినాడు. మొదటి వాయిదా కట్టిన రసీదును, ఆ బోధకుడు కొలతలు వ్రాసి ఇచ్చిన కాగితమును తండ్రి మాకు చూపి వెళ్ళినారు. కుమారుడు కొలిచిన అంకెలు దాని క్రింద వేరొక సిరాతో ఉన్నవి. రెండవ బోల్టు దగ్గర తేడా వచ్చినందున అతని చేత మూడుమార్లు కొలిపించినారట.